మీది ఏ ఫీల్డ్ మేడం?

ఆన్‌లైన్ చదువుల మీద పరిశోధన చేసేదాన్ని అని నన్ను నేను పరిచయం చేసుకోవడం నాకిప్పటికీ ఇబ్బందిగానే ఉంటుంది. ఆ మాట అనగానే ఎదుటివాళ్లు రెండో ప్రశ్న వేస్తారు. "అంతకుముందు ఏం చేసేవారు?" నిజం చెబితే నమ్మరు. నమ్మినవాళ్లు నవ్వుతారు.

అంతకుముందు నేను పత్రికా విలేకరిని. అది కూడా పెద్ద మాట. పెన్‌పహాడ్ మండలానికి ఒక దినపత్రిక తరఫున వార్తలు పంపేదాన్ని. ధాన్యం తడిసింది, బోరు ఎండింది, కరెంటు తీగ తెగి గేదె చచ్చింది, ఇవే నా వార్తలు. స్కూటీ మీద తిరిగేదాన్ని. ఫొటో తీసి, ఫోన్‌లోనే నాలుగు ముక్కలు టైపు చేసి, సిగ్నల్ దొరికే గట్టు ఎక్కి పంపేదాన్ని. రాజనీతి శాస్త్రంలో ఎంఏ ఎప్పుడో చేసి పెట్టుకున్నాను కాబట్టి సూర్యాపేటలో ఒక డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్ పోస్టు పడితే అందులో చేరాను. విలేకరి పని వదిలేశాను.

కరోనా వచ్చి కాలేజీలు మూసేసినప్పుడు, ప్రిన్సిపాల్ సారు స్టాఫ్ అందరినీ ఫోన్ మీటింగ్‌లో కూర్చోబెట్టి, "ఆన్‌లైన్ క్లాసుల సంగతి ఎవరికి తెలుసు?" అని అడిగారు. మా కామర్స్ సారు నా పేరు ఎత్తి, "మేడం పేపర్ల పని జేసిందిగా, ఫోన్ల నుంచే అన్నీ పంపుతుండె. ఆమెకు ఎర్కుంటది" అన్నాడు. అంతే. ఆ పూట నుంచి నేను మా కాలేజీకి ఆన్‌లైన్ ఇన్‌ఛార్జిని. తర్వాత నన్ను శిక్షణకు పంపారు. శిక్షణ పొందినదాన్ని కాబట్టి ఇతరులకు శిక్షణ ఇమ్మన్నారు. శిక్షణ ఇచ్చాను కాబట్టి ఒక వ్యాసం రాయమన్నారు. వ్యాసం అచ్చయింది కాబట్టి నేను పరిశోధకురాలినయ్యాను. మధ్యలో ఎవరూ, నేను కూడా, ఇది నీకు వచ్చా అని అడగలేదు.

ఆ వ్యాసం చూసే హైదరాబాద్ నుంచి ఒక ప్రొఫెసర్ గారు ఫోన్ చేశారు. దూరవిద్యలో, అంటే ఇంట్లో ఉండి ఫోన్‌లో పాఠాలు విని డిగ్రీ చేసే పద్ధతిలో, పిల్లలు మధ్యలో ఎందుకు మానేస్తున్నారు, మానకుండా వినేవాళ్లు ఏం చేస్తున్నారు అన్నది ఆయన ప్రాజెక్టు. మా వైపు ముగ్గురు కావాలన్నారు. సూర్యాపేటకు నేను. కోదాడకు ఒక మేడం. మిర్యాలగూడకు ఒక సారు.

కోదాడ మేడం నాకంటే పెద్దది. నేను అక్కా అనే పిలుస్తాను. ఆమె చాలా ఏళ్లు ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా చేసింది. నడుం నొప్పి వచ్చి రాత్రి డ్యూటీలు చేయలేక, నర్సింగ్ కాలేజీలో ట్యూటరుగా మారింది. అక్కడ పాఠం చెప్పడం ఎలాగో తెలియాలని దూరవిద్యలోనే ఎంఈడీ చదివింది. చదువుతుండగా ఆ చదువు నడిపే తీరు మీద ఆమెకు కోపం వచ్చింది. ఆ కోపమే పీహెచ్‌డీ అయింది.

మిర్యాలగూడ సారును అన్నా అంటాను. రైస్ మిల్లులో లారీల తూకం చీటీలు కంప్యూటర్‌లో కొట్టేవాడు. మిల్లు యజమాని పిల్లలు ఇద్దరు ముగ్గురికి కంప్యూటర్ నేర్పించి, అలా నేర్పుతూ నేర్పుతూ సొంతంగా ఇన్‌స్టిట్యూట్ పెట్టాడు. ఆ ఇన్‌స్టిట్యూట్‌లోనే తర్వాత దూరవిద్య స్టడీ సెంటర్ వచ్చింది. ఆన్‌లైన్ పాఠాల హాజరు లెక్కలన్నీ ఆయన చేతి మీదుగా పోయేవి. ఎంసీఏ తర్వాత చేశాడు, అదీ దూరవిద్యలోనే.

ఒక నర్సు, ఒక విలేకరి, ఒక మిల్లు ఆపరేటరు. ప్రొఫెసర్ గారి పరిశోధక బృందం అది.

మొదటి విసుగు ఊళ్లలో మొదలైంది. పరిశోధన అంటే చదువుతున్న పిల్లల ఇళ్లకు వెళ్లి మాట్లాడాలి కదా. పెన్‌పహాడ్‌లో నేను ఏ గడపలో కాలు పెట్టినా, "అమ్మా వచ్చినవా, మా రోడ్డు సంగతి పేపర్ల ఎయ్యరాదె" అనేవాళ్లు. నేనిప్పుడు పేపరులో లేనని చెబితే ఒకాయన నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "తీసేసిన్రా?" అని జాలిగా అడిగాడు. లేదు, నేనే మానేశాను, ఇప్పుడు చదువుల మీద పరిశోధన చేస్తున్నాను అని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "సరె తియ్యి, గా పరిశోధనల్నన్న మా రోడ్డు సంగతి రాయి" అన్నాడు. నాకు ఆ రోజు దొరికిన సమాచారం మొత్తం అదే.

నడిగూడెంలో అక్కకు ఇంకా కష్టమైంది. ఆమె సంచిలో బీపీ మిషను ఎప్పుడూ ఉంటుంది. ఒక ఇంట్లో పిల్లవాడి నానమ్మకు కళ్లు తిరుగుతున్నాయంటే తీసి చూసింది. ఇక ఆ వాడకట్టు వాడకట్టంతా చేతులు చాపుకుని వరసలో నిలబడింది. పిల్లవాడు మాత్రం ఇదే సందని బండేసుకుని కోదాడ వెళ్లిపోయాడు. "ఇంతమందికి బీపీ చూశానండీ, ఒక్కడితో చదువు గురించి మాట్లాడలేకపోయాను" అని అక్క ఫోన్‌లో చెబుతుంటే ఆమె గొంతు అలసిపోయి ఉంది. అన్న సంగతి చెప్పక్కర్లేదు. ఆయన ఎక్కడికి పోయినా ఎవరో ఒకరు ఫోన్ తెచ్చి చేతిలో పెడతారు. ఓటీపీ వస్తలేదు, బొమ్మ కనబడ్తలేదు, ఆధార్ లింక్ అయితలేదు. ఆయన కాదనలేడు. కూర్చుని చేసి పెడతాడు.

ప్రొఫెసర్ గారు వారం వారం ఫోన్ చేసి, "మేడం, డేటా ఎంతవరకు వచ్చింది?" అని అడిగేవారు. వస్తోంది సార్ అనేదాన్ని. రోడ్ల గురించి, బీపీ గురించి, ఓటీపీల గురించి డేటా బాగానే వస్తోందని మాత్రం చెప్పలేదు.

చివరికి ఆయనే ఒక దారి చూపారు. "మానేసినవాళ్లను వదిలేయండి. బాగా వింటున్నవాళ్లను పట్టుకోండి. వాళ్లు ఏం చేస్తున్నారో తెలిస్తే అదే మిగతావాళ్లకు నేర్పొచ్చు." అన్న తన సెంటర్ లెక్కలు తీశాడు. ఆన్‌లైన్ క్లాసులో పాఠం మధ్యమధ్యలో తెరమీద ఒక బటన్ వస్తుంది, టింగుమని మోగుతుంది. విద్యార్థి దాన్ని నొక్కాలి. నొక్కితే వింటున్నట్టు, నొక్కకపోతే లేనట్టు. మిర్యాలగూడ సెంటర్ మొత్తంలో ఒక్కసారి కూడా బటన్ తప్పని విద్యార్థిని ఒకామె ఉంది. ఊరు త్రిపురారం. పెళ్లయింది. డిగ్రీ రెండో సంవత్సరం.

"గీ అమ్మాయిని సూడాలె మేడం" అన్నాడు అన్న. "ఒక్క క్లాసు గూడ ఇడువలే. నేను గూడ గట్ల సదవలే."

ముగ్గురం కలిసే వెళ్లాం. యాసంగి నాట్ల రోజులు. కాలువ కింద మడులన్నీ నీళ్లతో మెరుస్తున్నాయి, గట్ల మీద నారు కట్టలు పడి ఉన్నాయి. ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. పొద్దున క్లాసు జరిగే సమయానికే చేరాం, ఆమె ఎలా వింటుందో కళ్లారా చూద్దామని.

ఆమె లేదు. ఆమె అత్త ఉంది. వాకిట్లో పీట వేసుకుని కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. పక్కన గోడకు కొట్టిన మేకుకు ఒక ప్లాస్టిక్ సంచి, సంచిలోంచి సగం బయటికి ఫోన్. ఫోన్‌లో ఎవరో సారు ద్రవ్యోల్బణం గురించి చెబుతున్నాడు. మమ్మల్ని కూర్చోమంది. కోడలు నాట్లకు పోయిందని చెప్పింది. ఇంతలో ఫోన్ టింగుమంది. ఆమె చేతికి అంటిన చింతపండు కొంగుకు తుడుచుకుని, లేచి, బటన్ నొక్కి, మళ్లీ వచ్చి కూర్చుంది.

మేం ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అన్న ముఖం పాలిపోయింది.

అక్కే ముందు తేరుకుంది. "అమ్మా, తల తిరుగుడు అదేమన్నా ఉంటదా?" అని అడిగి, సంచిలోంచి మిషను తీసింది. ఆమె సంతోషంగా చేయి చాపింది. పట్టీ చుట్టి గాలి కొడుతూ అక్క మెల్లగా అడిగింది. "రోజూ మీరే నొక్కుతారా?"

"నేనే ఒత్తుతా బిడ్డా. మోగంగనే ఒత్తమన్నది కోడలు. ఒక్కపాలి గూడ తప్పియ్యలే. బర్రెకు కుడితి పెట్టేటప్పుడు గూడ సంచి ఎంబడి తీస్కపోత."

"ఆయన చెప్పేది వింటారా?"

"యాడ బిడ్డా. ఏదో చెప్తడు పాపం. ఎవలు ఇంటున్నరో ఎవలు ఇంటలేరో ఆయనకు గూడ తెల్వదు." ఆమె నిజంగానే ఆ లెక్చరర్ మీద జాలిపడింది. బీపీ కొంచెం ఎక్కువే ఉంది. ఉప్పు తగ్గించమని అక్క చెప్పింది.

మధ్యాహ్నం అన్నానికి కోడలు వచ్చింది. మోకాళ్ల దాకా బురద. మమ్మల్ని చూసి, అన్నను గుర్తుపట్టి, వాకిట్లోనే ఆగిపోయింది. ఏం జరిగిందో ఆమెకు అర్థమైపోయింది. అత్త ముఖం వైపు చూసింది. అత్తకు మాత్రం ఇంకా ఏమీ అర్థం కాలేదు, మా ముగ్గురికి మజ్జిగ కలుపుతోంది.

"సార్, హాల్‌టికెట్ ఆపుతరా?" అని అడిగింది ఆ అమ్మాయి.

నేను కల్పించుకుని, మేం తనిఖీకి రాలేదని, ఊరికే మాట్లాడదామని వచ్చామని చెప్పాను. ఎందుకిలా చేయాల్సి వచ్చిందో చెప్పమన్నాను. ఆమె కాళ్లు కడుక్కుని వచ్చి గడప మీద కూర్చుంది. కాసేపటికి భయం పోయి కోపం వచ్చింది.

"క్లాసు పొద్దుగాల పదింటికి పెట్టిన్రు మేడం. పదింటికి నేను మడిల ఉంట. నాట్లు గాకుంటే కలుపు, కలుపు గాకుంటే పత్తి. హాజరు లేకుంటే పరీక్షకు కూసోనియ్యమని మెసేజీ పెట్టిన్రు. రికార్డింగు పెట్టుర్రి, సాయంత్రం ఇనుకుంట అని ఫోన్ చేసి అడిగిన. రికార్డింగుకు హాజరు రాదన్నరు. మరి నేనేం చెయ్యాలె?"

"సాయంత్రం వింటావా మరి?" అని అడిగాను.

"పుస్తకం సదువుకుంట. పుస్తకం నడుమల ఆపి, నువ్వున్నవా లేవా అని అడగది గద." తర్వాత ఆమె మమ్మల్ని వరసగా చూసి అడిగింది. "మీరు ముగ్గురు ఏం జేస్తరు మేడం? పెద్ద సార్లా?"

అక్క తను నర్సునని చెప్పింది. నేను పేపరు సంగతి చెప్పాను. అన్న మిల్లు సంగతి చెప్పాడు. ఆమె అంతా విని, వెటకారమేమీ లేకుండా, నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

"మరి సదువు సంగతి సూసెటోళ్లు ఎవలు?"

మజ్జిగ తాగి లేచాం.

తిరుగుదారిలో మిర్యాలగూడ బస్టాండ్ దగ్గర టీ కొట్టులో కూర్చున్నాం. అక్కడ మొదలైంది గొడవ. నేను ఉత్సాహంలో ఉన్నాను. ఇన్ని నెలలకు ఒక మంచి విషయం దొరికింది. మా నివేదిక మొదటి పేరాలోనే ఇది రావాలన్నాను. గోడకు సంచి, సంచిలో ఫోన్, చింతపండు చేత్తో అత్త. ఎవరు చదవడం మొదలుపెట్టినా ఆపరు.

"అది రాయడానికి వీల్లేదండీ" అంది అక్క. "ఆమె చేతికి పట్టీ కట్టినప్పుడు చెప్పింది. పట్టీ కట్టినప్పుడు చెప్పిన మాట బయట చెప్పకూడదు. నేను నేర్చుకున్న మొదటి పాఠం అది."

"అక్కా, నువ్విప్పుడు నర్సువు కాదు గదా."

"నువ్వు పేపరు మనిషివా మరి ఇప్పుడు?"

అన్న ఇద్దరి మాటా పట్టించుకోకుండా టీ గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. చివరికి గ్లాసు కింద పెట్టి అన్నాడు. "మీ ఇద్దరి ముచ్చట మంచిగనే ఉంది. హాజరు లెక్కల ఆ అమ్మాయి ఉంది. ఉన్నదంటె ఉన్నట్టే. మిల్లుల గూడ అంతె, కాంటా మీద ఎంత వస్తే గంతనే చీటీల కొట్టాలె. ఆ లెక్క తప్పని నేనే రాస్తె, రేపు నా సెంటర్ల ఉన్న లెక్కలన్నీ తప్పే అంటరు. ఆ పిల్ల పరీక్ష పోతది. ఇంకెందరిదో పోతది."

"లెక్క తప్పని తెలిసి కూడా పంపుతావా అన్నా?"

"తెలిసినంక నిద్ర వస్తదా మేడం నాకు?"

అప్పుడు నాకు చాలా చిరాకేసింది. అక్క మీద కాదు, అన్న మీద కాదు. ఇన్నేళ్లు శిక్షణలు తీసుకున్నాం, పుస్తకాలు చదివాం, పరిశోధన పద్ధతులని పెద్ద పెద్ద మాటలు నేర్చుకున్నాం. ఒక నిజం ఎదురయ్యేసరికి ముగ్గురం మా పాత కొలువుల్లోకే పరిగెత్తాం. నేను వార్త అన్నాను, అక్క రోగి రహస్యం అంది, అన్న కాంటా అన్నాడు. విద్య అనే మాట ఆ బల్ల దగ్గర ఎవరి నోటా రాలేదు.

చివరికి అక్కే దారి చెప్పింది. ఆసుపత్రిలో కేసులు రాసేటప్పుడు పేరూ ఊరూ లేకుండా రాస్తారట, అయితే మనిషిని అడిగి రాస్తారట. అక్కడి నుంచే ఆ అమ్మాయికి ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టింది. విషయమంతా విన్నాక ఆ అమ్మాయి అంది. "ఊరు పేరు తియ్యకుండ రాసుకోర్రి మేడం. కని పదింటి సంగతి గూడ రాయిర్రి. ఉత్త ఫోన్ ఒత్తుడే రాస్తే మేమే దొంగలమయితం."

రాశాం. మూడు సెంటర్లవీ కలిపి, బటన్ నొక్కడం వేరు, వినడం వేరు అని రాశాం. పదింటి సంగతి రాశాం.

కొన్నాళ్లకు సూర్యాపేటలోనే ఒక ప్రైవేటు కాలేజీలో సెమినార్ జరిగితే ఆ వ్యాసం నేను చదివాను. వేదిక మీద అధ్యక్షుడిగా రిటైరైన పెద్ద ప్రొఫెసర్ గారున్నారు. నేను చదవడం పూర్తయ్యాక ఆయన కళ్లజోడు సవరించుకుని, "మీది ఏ ఫీల్డ్ మేడం?" అని అడిగారు.

"రాజనీతి శాస్త్రం సార్."

"కాదు, పరిశోధన ఏ ఫీల్డ్‌లో?"

"ఆన్‌లైన్ విద్య సార్."

"మరి రాజనీతి శాస్త్రమంటున్నారు. మీతో ఉన్నవాళ్లు?"

చెప్పాను. అక్క ఎంఈడీ దాకా రాకముందే సభలో చిన్నగా నవ్వులు వినిపించాయి. మొదటి వరసలో కూర్చున్న అక్క నవ్వలేదు. అధ్యక్షుల వారు మైకులో, "అంటే విద్యాశాస్త్రం నుంచి ఒక్కరూ లేరన్నమాట. అందుకే మెథడాలజీలో కొంత తడబాటు కనబడుతోంది" అన్నారు. సభలో చప్పట్లు మోగాయి. గోడకు వేలాడిన ఫోన్ గురించి ఒక్కరూ ప్రశ్న వేయలేదు. క్లాసు పదింటికి ఎందుకు పెట్టారని ఎవరూ అడగలేదు.

భోజనాల దగ్గర నేను పులిహోర ప్లేటు పట్టుకుని నిలబడితే అధ్యక్షుల వారే పక్కకొచ్చారు. మనిషి మంచివాడే. "ఏమనుకోకండి మేడం, అడగాలి కదా" అన్నారు. మీరు ఎడ్యుకేషన్ ప్రొఫెసరా సార్ అని మామూలుగానే అడిగాను.

"బోటనీ అండి. నాచు మొక్కల మీద పీహెచ్‌డీ. యూనివర్సిటీలో దూరవిద్య విభాగానికి ఎవరూ వెళ్లనంటుంటే కొన్నాళ్లు చూడమని నన్ను పంపారు. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను."

ఆ తర్వాత పంతం పట్టినట్టు అందరినీ అడుగుతూ పోయాను. ఉదయం కీలకోపన్యాసం ఇచ్చినాయన కెమిస్ట్రీ. డిజిటల్ బోధన మీద రెండు పుస్తకాలు రాసిన మేడం లైబ్రేరియన్. మాకు ప్రాజెక్టు ఇచ్చిన ప్రొఫెసర్ గారిది వ్యవసాయ గణాంకాలు, మొదట్లో పంటకోత ప్రయోగాల లెక్కలు చూసేవారట. అక్కను పక్కన పెడితే, పేరు వెనక ఎడ్యుకేషన్ డిగ్రీలన్నీ ఉన్న ఒకే ఒక్కాయన ఆ కాలేజీ లెక్చరర్, ఆయన పొద్దుటి నుంచి మైకులు, ప్రొజెక్టరు చూసుకుంటున్నాడు. మీరు పేపరేమీ చదవలేదేం సార్ అంటే, "సౌండ్ సెట్టు ఎవలు సూస్తరు మేడం?" అన్నాడు.

ఎవరి పాత పని వాళ్లు కోటు కింద దాచుకుని, పక్కవాడిని మాత్రం నీది ఏ ఫీల్డ్ అని అడుగుతున్నారు. నాకు వచ్చిన కోపం నవ్వుగా మారడానికి ఆ రోజు సరిపోలేదు.

వ్యాసం అచ్చుకు వెళ్లేముందు మా హైదరాబాద్ ప్రొఫెసర్ గారు సరిదిద్ది పంపారు. అత్తగారి పేరా లేదు. ఫోన్ చేశాను.

"అది ఒక్క ఇంటి సంగతి మేడం. ఆసక్తికరమే, కానీ డేటా కాదు" అన్నారు. "ఇంకో మాట. పరిచయాల్లో నర్సు, మిల్లు, విలేకరి ఇవన్నీ ఎందుకు? ముగ్గురూ విద్యారంగంలో విశేష అనుభవం ఉన్నవారు అని రాశాను. గౌరవంగా ఉంటుంది."

ఇది విన్నాక అక్క ఆయనకు తనే ఫోన్ చేసింది. నన్నూ అన్ననూ కూడా లైన్‌లో కలిపింది. ఆమె గొంతు పెంచలేదు. "సార్, నా జీవితంలో సగం ఇంజెక్షన్లు చేశానండీ. ఆ మాట తీసేస్తే గౌరవం ఎలా వస్తదో నాకు తెలవట్లేదు. ఆ అత్తగారు నాతో మాట్లాడింది నేను ఎంఈడీ చేశానని కాదు, బీపీ చూశానని. అది తీస్తే నా పేరు కూడా తీసేయండి." అన్న కూడా, "నాది గూడ తీసెయ్యుర్రి సార్" అన్నాడు. ఆయన అలా అంటాడని నేను అనుకోలేదు. నేను కూడా అదే అన్నాను.

చాలా రోజులు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత అచ్చయింది. పరిచయంలో, "రచయితలు వివిధ వృత్తుల నేపథ్యం గలవారు" అని ఉంది. అత్తగారు కూడా వచ్చింది, ఒకే ఒక్క వాక్యంలో. "కొన్ని సందర్భాల్లో హాజరు నమోదు కుటుంబ సభ్యుల సహకారంతో జరుగుతున్నట్లు గమనించబడింది." పదింటి సంగతి "సమయపాలనలో సవాళ్లు" అయింది. ఆ రెండు వాక్యాలు అన్నకు చదివి వినిపిస్తే ఆయన "గిది మన త్రిపురారమేనా?" అని అడిగాడు.

ఏడాది తిరగకముందే ప్రొఫెసర్ గారు మళ్లీ ఫోన్ చేశారు. ఈసారి గొంతులో హుషారు. కొత్త ప్రాజెక్టుకు ప్రకటన వచ్చింది, అందులో వేర్వేరు వృత్తుల నుంచి వచ్చిన పరిశోధకులు ఉన్న బృందాలకు ప్రాధాన్యమట. "మీ పాత వృత్తుల గురించి కొంచెం వివరంగా రాసి పంపండి మేడం. విలేకరిగా పల్లెల్లో తిరిగిన అనుభవం, అదంతా. నర్స్ మేడం యూనిఫాంలో ఉన్న పాత ఫొటో ఏమైనా ఉంటే ఇంకా బాగుంటుంది."

అక్కకు ఈ మాట చేరవేస్తే, "ఆ యూనిఫాం అంట్ల గుడ్డయి చాలా కాలమైందండీ" అని మాత్రం అంది.

మేం ఒక షరతు పెట్టాం. పరిచయాలు పంపుతాం, క్లాసు సమయం మార్పించండి అన్నాం. అది తన పరిధిలో లేదన్నారు. పరిధి ఎవరిదో కనుక్కుందామని నేను ఆఫీసులకు ఫోన్లు చేశాను. పాఠం చెప్పే సార్లు పదింటికే వస్తారు కాబట్టి క్లాసు పదింటికే అన్నది అందరూ చెప్పిన కారణం. సార్లను అడిగితే పాఠాలు ప్రసారం చేసే స్టూడియో పదింటికే తెరుస్తారన్నారు. స్టూడియో తెరిచేది ఎవరని అడిగే ఓపిక నాకు మిగల్లేదు. పరిచయాలు కూడా మేం పంపలేదు.

అన్న మాత్రం ఎవరినీ అడగలేదు. తన ఇన్‌స్టిట్యూట్‌లో ఆదివారం సాయంత్రాలు బల్లలు జరిపి, రికార్డింగు గోడ మీద వేసి, మధ్యమధ్యలో ఆపి, తనకు తెలిసింది చెప్పడం మొదలుపెట్టాడు. తెలియనిది ఉంటే నాకు ఫోన్ చేసి స్పీకర్‌లో పెడతాడు. నర్సింగ్ కాలేజీ సెలవైన వారాలు అక్క కోదాడ నుంచి వచ్చి కూర్చుంటుంది. వచ్చే పిల్లలు కొద్దిమందే. ఆదివారం హాజరు కూడా లెక్కలోకి తీసుకునేలా పై ఆఫీసుకు రాసి ఒప్పించాడు. త్రిపురారం అమ్మాయి ఒక వారం వస్తుంది, ఒక వారం రాలేనని మెసేజ్ పెడుతుంది. పొద్దున పదింటికి ఆ ఇంట్లో ఇప్పుడు ఎవరూ బటన్ నొక్కడం లేదు, ఆదివారం వచ్చే మిగతా పిల్లల ఇళ్లలోనూ అంతే. అత్తగారే మానేసిందట. "నువ్వే పోయి సదువుతున్నవు గద, ఇగ నాకెందుకు?" అందట.

ఆ ఏడాది పరీక్షల్లో ఆ అమ్మాయి ఒక్క పేపరు తప్పింది, మిగతావన్నీ పాసైంది. ఆ మార్కులు చెప్పడానికి ఆమె ఫోన్ చేసిన రోజే అన్నకు పై ఆఫీసు నుంచి లేఖ వచ్చింది. మిర్యాలగూడ సెంటర్‌లో హాజరు నిరుటితో పోలిస్తే బాగా పడిపోయిందని, కారణాలు తెలుపుతూ సంజాయిషీ పంపమని దాని సారాంశం.

అన్న మా ఇద్దరినీ కాల్‌లో కలిపి లేఖ చదివాడు. "ఏం రాద్దాం మేడం?" అని అడిగాడు.

నేను ఒక మొదటి వాక్యం చెప్పాను. అక్క అది బాగాలేదంది. అన్న ఇంకోటి చెప్పాడు. అదీ బాగాలేదన్నాం. అలా వాదించుకుంటుండగానే నా క్లాసుకు గంట కొట్టారు. సాయంత్రం మళ్లీ కూర్చుందామని చెప్పి, ఫోన్ పెట్టేసి, చాక్‌పీసులు తీసుకుని లోపలికి వెళ్లాను.